ఇంట్లో వినైల్ ప్లాంక్ మనమే వేసుకుందాం – నాలుగో పాఠం: మట్టం వేరు, చదును వేరు (చివర్లో మెట్లు)

ఈసారి పూర్తిగా వినైల్ ప్లాంక్ (చెక్కలా కనిపించే ప్లాస్టిక్ నేలపలకలు) మెట్ల మీద వేయడం గురించే అనుకున్నాం. కానీ మూడో పాఠం చదివి హాలు మొదలుపెట్టిన వాళ్ల దగ్గర్నుంచి వచ్చిన మాటలు చూశాక, ముందు హాలు సంగతి తేల్చకుండా మెట్లెక్కలేం. నడుస్తుంటే నేల టక్ టక్ మంటోందని ఇద్దరు రాశారు. ఒకావిడ ఇంట్లో పదిహేను రోజులకే రెండు చోట్ల జాయింట్ తెరుచుకుంది. ఇంకొకరు హాలంతా సెల్ఫ్ లెవలింగ్ సిమెంటు (పోస్తే దానంతటదే పరుచుకుని మట్టమయ్యేది) పోసి, నడుం పడిపోయేలా పనిచేశారు. ఆయన ఇంట్లో ఆ పని అక్కర్లేదు.

పొరపాటు నా మాటలో ఉంది. ‘నేల సమంగా ఉందో లేదో చూడండి’ అని రాసి వదిలేశాను. సమం అనగానే అందరూ రసమట్టం తీశారు.

మనకి కావాల్సింది మట్టం కాదు, చదును. ఊళ్లో వీధి అరుగు గుర్తు తెచ్చుకోండి. వాన నీళ్లు నిలవకుండా మేస్త్రీ దానికి వాలు పెడతాడు. రసమట్టం పెడితే బుడగ పక్కకి పోతుంది. అయినా ఆ అరుగు మీద చాప పరిస్తే ఎక్కడా లేవదు, ఎక్కడా కుంగదు. అది చదును. క్లిక్ లాక్ ప్లాంక్‌కి, అంటే అంచున ఉన్న నాలుక పక్కదాని గాడిలో బిగిసే పలకకి, అలాంటి అరుగు చాలు. సిమెంటు పోసిన ఆయన హాలు కిటికీ నుంచి వంటగది దాకా మొత్తం మీద అర అంగుళం వాలింది, కానీ ఒకే తీరుగా వాలింది. నేరుగా వేసేయొచ్చు.

జాయింట్ తెరుచుకున్నావిడ ఇంట్లో సరిగ్గా దీనికి తిరగబడింది. రెండడుగుల రసమట్టం పెట్టారు, బుడగ నడిమధ్యలో నిలిచింది. ఆ మట్టం కిందే స్లాబు మూకుడులా దిగి ఉంది. బుడగ దాన్ని ఎప్పటికీ చూపించదు. ప్లాంక్ ఆ దిగుడు మీద వంతెనలా నిలుస్తుంది. మనం కాలు పెట్టినప్పుడల్లా వంగుతుంది, లేస్తుంది. లాక్ నాలుక సన్నటిది, రోజుకి వందసార్లు వంగితే విరుగుతుంది. ముందు టక్ టక్, తర్వాత సందు.

చాలా కంపెనీలు ఒప్పుకునే తేడా పది అడుగులకి 3/16 అంగుళం, లేదా ఆరడుగులకి 1/8 అంగుళం. మీ డబ్బా మీద ఏముందో చూసి అదే పాటించండి. నేను ఆరడుగుల అల్యూమినియం బద్ద వాడతాను. కొయ్య బద్దలు వంకర తిరిగి ఉంటాయి, నమ్మను. కొలతకి రెండు పెన్నీలు (అమెరికా ఒక సెంటు నాణేలు) ఒకదాని మీద ఒకటి పెడితే 3 మిల్లీమీటర్లు, అంటే 1/8 అంగుళానికి వెంట్రుకవాసి తక్కువ. బద్ద కింద ఆ రెండు పెన్నీలూ సులువుగా దూరితే అక్కడ దిగుడు ఉన్నట్టే. బద్ద తూగుడుబల్లలా ఊగితే మిట్ట ఉన్నట్టు. నిలువుగా, అడ్డంగా, మూలగా మూడు వైపులా పెట్టి చూడండి. దిగుడు చుట్టూ సుద్దతో గీత గీయండి, మిట్ట మీద ఇంటూ పెట్టండి.

మిట్టని ముందు గ్రైండర్‌తో అరగదీయాలి, తర్వాతే దిగుడు నింపాలి. మిట్ట పోతే పక్కనున్న దిగుడు సగం తగ్గిపోవడం చాలాసార్లు చూశాను. కాంక్రీటు దుమ్ములో సిలికా ఉంటుంది. రెస్పిరేటర్ లేకుండా, గ్రైండర్‌కి వాక్యూమ్ తగిలించకుండా ఆ పని చేయకండి. దిగుడులో సిమెంటు ప్యాచ్ వేసి, అంచులు పలచగా లాగి వదిలేయండి. హైదరాబాద్‌లో పాత టైల్స్ మీదే వేసుకునేవాళ్లకీ ఈ బద్ద పరీక్ష తప్పదు.

దిగుడు మీద ఇంకో ఫోమ్ వేస్తే సర్దుకుంటుందా అని అడిగారు. సర్దుకోదు. మీ ప్లాంక్ వెనక ఫోమ్ అంటించే వచ్చింది. దాని కింద ఇంకో పొర వేస్తే మెత్తదనం పెరిగి లాకులు ఇంకా త్వరగా విరుగుతాయి.

విప్పాల్సి వచ్చినవాళ్లు బాధపడకండి. గోడ వైపు నుంచి వరస మొత్తం వాల్చి పైకి లేపితే ఊడి వస్తుంది. ఒక్కో దానికీ టేపు మీద నంబరు వేసుకోండి. పొట్టి అంచు లాక్ విరిగిన ప్లాంకులు పారేయకండి. మెట్టుకి కోసేటప్పుడు ఆ కొసలు ఎలాగూ పోతాయి.

ఇక మెట్లు. హాల్లో ప్లాంక్ కిందికి అంటించకుండా తేలుతుంది, మెట్టు మీద తేలకూడదు. ఫోమ్ షీటు వద్దు, గోడ దగ్గర వదిలినట్టు పావు అంగుళం సందు వద్దు, అంతా జిగురుతో అంటిపోవాలి. కార్పెట్, మేకుల పట్టీలు, స్టేపుల్స్ తీసేశాక కిర్రుమనే మెట్టుకి ముందే స్క్రూలు బిగించండి. అంచు బయటికి పొడుచుకొచ్చి ఉంటే కోసి తిన్నగా చేయండి. పైనుంచి కిందికి రండి. ప్రతి మెట్టుకీ ముందు నిలువు భాగం, తర్వాత అడుగు పెట్టే భాగం, ముందంచున స్టెయిర్ నోజ్, అంటే మెట్టు అంచుని కప్పే పట్టీ. నిలువు భాగానికి నేను ప్లాంక్ వాడను, ప్లైవుడ్ పెట్టి తెల్ల పెయింట్ వేస్తాను. చీకట్లో అంచు కనిపిస్తుంది, ఇంట్లో పెద్దవాళ్లున్నప్పుడు అది ముఖ్యం.

ఒక్క లెక్క మాత్రం తప్పకూడదు. అమెరికాలో ఎక్కువ చోట్ల పాటించే నివాస గృహాల కోడ్ ప్రకారం ఒకే వరసలో అన్నిటికంటే ఎత్తు మెట్టుకీ తక్కువ మెట్టుకీ తేడా 3/8 అంగుళం దాటకూడదు. పై అంతస్తులో, హాల్లో ప్లాంక్ మాత్రమే వేసి, మెట్ల మీద దాని కింద పావు అంగుళం ప్లైవుడ్ కూడా వేశారనుకోండి. కింద మొదటి మెట్టు పావు పెరుగుతుంది, పైన చివరి మెట్టు పావు తగ్గుతుంది. తేడా అర అంగుళం. ఎక్కే కాలు ఎత్తుని గుర్తుపెట్టుకుని లేస్తుంది కాబట్టి తట్టుకుని పడేది అక్కడే.

అభ్యాసం: జిగురు డబ్బా తెరవకుండా ఈ వారం మీ మెట్లన్నీ కొలవండి. ఒక్కో మెట్టుకీ ఎత్తు ఎడమ, నడుమ, కుడి, వెడల్పు ముందంచున, వెనకంచున, లోతు రెండు పక్కలా రాసుకోండి. పూర్తయ్యాక వేయబోయే మందం కలిపి ప్రతి ఎత్తూ మళ్లీ లెక్కగట్టండి. తర్వాత ప్లాంక్ డబ్బా అట్టతోనే మూడు మెట్లకి నమూనాలు కోసి, పక్కగోడకి పెన్నీ దూరేంత సందు కూడా లేకుండా కూర్చోబెట్టండి. ఒక మెట్టు అట్ట ఇంకో మెట్టుకి సరిపోతుందేమో కూడా పెట్టి చూడండి.