తీరం వెంట నడకకు ముందు పోటు టైం చూసుకోండి

సముద్ర తీరానికి సెలవులకు వెళ్లి ఒడ్డు వెంట నడవాలనుకునేవాళ్లు వాతావరణం చూస్తారు కానీ ఆటుపోట్ల వేళలు చూడరు. నిజానికి ముందు చూడాల్సింది అవే. కొండ అంచుకీ నీళ్లకీ మధ్య ఉండే దారి పోటు వచ్చేసరికి మునిగిపోవచ్చు, వెనక్కి రావడానికి చోటే ఉండదు.

చాలా తీరాల్లో ఒక పోటుకీ మరో పోటుకీ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అంటే పోటు వేళ రోజురోజుకీ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, కాబట్టి నిన్నటి టైం ఇవాళ పనికిరాదు. ఆ ఊరి పట్టికే చూడండి. నీరు బాగా తగ్గే సమయానికి గంటన్నర ముందు బయలుదేరి, మళ్లీ పెరగడం మొదలవగానే వెనుదిరగండి. పెరిగేటప్పుడు నీరు ఒకే వేగంతో రాదు. మొదట్లో మెల్లగా ఉండి, మధ్య రెండు గంటల్లో దాదాపు సగం ఎత్తు పెరిగిపోతుంది. జనం చిక్కుకునేది అప్పుడే. అమావాస్య, పౌర్ణమి రోజుల్లోనూ, ఆ తర్వాత ఒకట్రెండు రోజులూ పోటు మరీ ఎక్కువ. కానీ ఆటు కూడా అంతే దిగువకి పోతుంది కాబట్టి రాళ్ల గుంటల్లో పీతలు, నత్తలు, సముద్రపు పూలు (పువ్వుల్లా కనిపించే జీవులు) చూడాలంటే ఆ రోజులే మేలు. చూడండి, కానీ పీకకండి. తిప్పిన రాయిని మళ్లీ అలాగే పెట్టేయండి, లేకపోతే దాని కింద బతికేవి ఎండకి చచ్చిపోతాయి.

పచ్చగా, నల్లగా నిగనిగలాడే రాయి మీద కాలు వేయొద్దు, జర్రున జారుతుంది. ఇసుక దిబ్బల మీద మాత్రం వేసిన దారి వదలకండి, అక్కడ ఇసుకను పట్టి ఉంచేది దిబ్బల మీద పెరిగే గడ్డి వేళ్లే.