రిమోట్ క్లయింట్‌లో ‘క్లాస్ దొరకలేదు’ ఎర్రర్ వస్తే ఏం చేయాలి?

సర్వర్‌లోని మెథడ్లను దూరం నుంచి పిలిచే జావా క్లయింట్, ఆ సర్వర్‌కి కనెక్ట్ అవుతూనే ఫలానా క్లాస్ దొరకలేదంటూ ఆగిపోతే, చాలామంది సర్వర్‌లో ఉన్న జార్ ఫైళ్లన్నీ (జావా క్లాసులను కట్టగట్టిన ఫైళ్లు) తెచ్చి క్లయింట్ ఫోల్డర్‌లో పడేస్తారు. ఎర్రర్ పోవచ్చు. కానీ ఏ జార్ ఎందుకు ఉందో ఆ తర్వాత ఎవరికీ తెలియదు. సర్వర్ వెర్షన్ మారిన రోజు పాత జార్‌లు, కొత్త జార్‌లు కలిసిపోయి ఇంతకంటే పెద్ద గొడవ మొదలవుతుంది. దయచేసి ఆ దారి పట్టకండి. మీకు కావాల్సింది పూర్తి స్టాక్ ట్రేస్ (ఎర్రర్ ఏ దారిలో వచ్చిందో చూపే లైన్లు), క్లయింట్‌ని స్టార్ట్ చేసే అసలు కమాండ్, ఒక టెర్మినల్. అంతే.

స్టాక్ ట్రేస్‌ని కింది నుంచి చదవండి. చిట్టచివరి ‘కాజ్డ్ బై’ లైనే ముఖ్యం. అక్కడ ‘క్లాస్ నాట్ ఫౌండ్ ఎక్సెప్షన్’ ఉంటే, క్లాస్‌ని పేరు పెట్టి వెతికితే దొరకలేదని అర్థం. ‘నో క్లాస్ డెఫ్ ఫౌండ్ ఎర్రర్’ అయితే, సాధారణంగా కంపైల్ చేసినప్పుడు ఉన్న క్లాస్ రన్ చేసేటప్పుడు లేదని. దాని పక్కనే ‘కుడ్ నాట్ ఇనిషియలైజ్ క్లాస్’ అని ఉంటే మాత్రం జార్ కోసం వెతక్కండి. క్లాస్ ఉంది, దాన్ని మొదటిసారి వాడేటప్పుడు నడిచే స్టాటిక్ కోడ్ ఫెయిలైంది. లాగ్‌లో అంతకుముందు వచ్చిన మొదటి ఎర్రర్ చూడండి.

క్లాస్ పేరు జావాక్స్‌తో మొదలవుతోందా, జకార్తాతోనా అన్నది కూడా చూడండి. 2020లో వచ్చిన జకార్తా ఈఈ 9 (జావా సర్వర్లు పాటించే ప్రమాణం)తో దాని ప్యాకేజీల పేర్లు జావాక్స్ నుంచి జకార్తాకి మారాయి. సర్వర్ కొత్తదై, క్లయింట్ పాతదైతే తేడా ఇక్కడే వస్తుంది.

తర్వాత క్లాస్‌పాత్, అంటే జావా క్లాసుల కోసం వెతికే చోట్ల జాబితా. క్లయింట్‌ని జార్ ఆప్షన్‌తో నడిపితే మీరిచ్చిన క్లాస్‌పాత్‌ని జావా అసలు పట్టించుకోదు, ఆ జార్ లోపలి మానిఫెస్ట్ ఫైల్‌లో ఉన్నదే తీసుకుంటుంది. ఫోల్డర్ పేరు చివర నక్షత్రం గుర్తు పెడితే ఆ ఫోల్డర్‌లోని జార్‌లు మాత్రమే వస్తాయి, లోపలి ఫోల్డర్లవి రావు. కనెక్షన్ కోసం సర్వర్‌తో పాటు వచ్చే క్లయింట్ జార్‌నే వాడండి. వైల్డ్‌ఫ్లై సర్వర్‌లో అది బిన్ కింద క్లయింట్ ఫోల్డర్‌లో ఉంటుంది. గ్లాస్‌ఫిష్ సర్వర్ క్లయింట్ జార్‌ని మాత్రం దాని చోటు నుంచి కదపకండి, అది పక్క ఫోల్డర్లలోని జార్‌లను మానిఫెస్ట్ ద్వారా వెతుక్కుంటుంది.

ఇంతవరకూ సులువే. అసలు తిప్పలు పెట్టేది, కనెక్షన్ బాగానే కుదిరి, ఒక మెథడ్ పనిచేసి, ఇంకో మెథడ్ దగ్గర ఎర్రర్ రావడం. ట్రేస్‌లో ‘అన్‌మార్షల్ ఎక్సెప్షన్’ (వచ్చిన డేటాను విప్పలేకపోయిన ఎర్రర్) కనిపిస్తే ఇదే కేసు. మీ కోడ్ ఆ క్లాస్‌ని ఎక్కడా వాడి ఉండదు. అది సర్వర్ పంపిన జవాబులో వచ్చింది.

ఉదాహరణకు, సర్వర్ ఒక ఎంటిటీ (డేటాబేస్‌లోని రికార్డుకు ప్రతిగా ఉండే ఆబ్జెక్ట్) పంపింది, అందులో ఒక లిస్ట్ ఉంది. మీరు దాన్ని మామూలు అర్రే లిస్ట్ అనుకుంటారు. కానీ డేటాబేస్ నుంచి లోడ్ అయినప్పుడు హైబర్నేట్ అనే డేటాబేస్ లైబ్రరీ దాని స్థానంలో తన సొంత ‘పర్సిస్టెంట్ బ్యాగ్’ పెట్టేసింది. క్లయింట్ ఆ జవాబును విప్పాలంటే హైబర్నేట్ క్లాస్ కావాలి. ఇక్కడే అందరూ హైబర్నేట్ జార్‌ని క్లయింట్‌లో పెట్టేస్తారు. పెట్టకండి. సర్వర్‌లో ట్రాన్సాక్షన్ ముగిసేలోపే కావాల్సిన విలువలను మామూలు క్లాస్‌లోకి, లిస్టును కొత్త అర్రే లిస్ట్‌లోకి కాపీ చేసి, దాన్నే పంపండి. క్లయింట్‌కి డేటాబేస్ లైబ్రరీతో పనే ఉండకూడదు.

ఇంతకంటే మోసం చేసేది ఎక్సెప్షన్. సర్వర్‌లో క్వెరీ ఫెయిలై, డేటాబేస్ డ్రైవర్ (డేటాబేస్‌తో మాట్లాడే లైబ్రరీ) తన ఎక్సెప్షన్ విసిరిందనుకోండి. అది అలాగే క్లయింట్ దాకా వస్తే, డ్రైవర్ జార్ లేని క్లయింట్‌కి కనిపించేది ‘క్లాస్ దొరకలేదు’ ఒక్కటే. అసలు క్వెరీ ఎర్రర్ దాని వెనక దాక్కుంటుంది. అందుకే జార్ జోలికి వెళ్లేముందు, సరిగ్గా అదే సమయానికి సర్వర్ లాగ్‌లో ఏముందో చదవండి. సర్వర్‌లోనే ఆ ఎక్సెప్షన్‌ని పట్టుకుని, మెసేజ్ తీసుకుని, రెండు వైపులా ఉన్న మీ సొంత ఎక్సెప్షన్‌లో పెట్టి పంపండి. పాత ఎక్సెప్షన్‌ని దానికి కాజ్‌గా (కారణంగా) తగిలించారంటే అదీ వెంట వస్తుంది, ఎర్రర్ మళ్లీ మొదటికొస్తుంది.

సరిచేశాక క్లయింట్‌ని ఒకసారి వెర్బోస్ క్లాస్ ఆప్షన్‌తో నడపండి. ఏ క్లాస్ ఏ జార్ నుంచి లోడ్ అయిందో లైను లైనుగా కనిపిస్తుంది. అందులో హైబర్నేట్ గానీ, డేటాబేస్ డ్రైవర్ గానీ కనిపిస్తే ఆ జార్ తీసేసి, అన్ని మెథడ్లూ మళ్లీ టెస్ట్ చేయండి.