ఫ్రెంచ్ వాళ్లకు ఇంగ్లిష్ చెప్పేటప్పుడు ‘హావ్’ చిట్కా

ఇక్కడ బెంగళూరులో ఫ్రెంచ్ వాళ్లకు ఇంగ్లిష్ గ్రామర్ చెప్పేవాళ్లకు ఇది రోజూ ఉండే తలనొప్పే, ‘ఐ హావ్ ఈటెన్ దోశ ఎస్టర్‌డే’ అనేస్తారు, ఎందుకంటే వాళ్ల భాషలో జరిగిపోయిన పని గురించి మాట్లాడేటప్పుడు మామూలుగా వాడే పద్ధతే అది. రూల్ పదే పదే చెప్పకండి. దర్శినిలో (నిలబడి తినే చిన్న హోటల్లో) తిన్నది, మెట్రోలో వెళ్లింది, ఇలా వాళ్లు చేసిన పనులే ఓ పది వాక్యాలు రాయించి, ముందు టైమ్ చెప్పే మాట కింద గీత గీయమనండి: ఎస్టర్‌డే, లాస్ట్ వీక్, ఇన్ 2019. ఆ టైమ్ అయిపోయిందంటే ‘హావ్’ కొట్టేసి ‘ఈటెన్’ని ‘ఏట్’ చేయాలి, అంతే. వాళ్ల చేత్తోనే కొట్టేయించండి, మీరు దిద్దితే గుర్తుండదు. ‘దిస్ మార్నింగ్’ దగ్గర మాత్రం ఇది తడబడుతుంది, ఆ వాక్యం పొద్దున పదింటికి చెబుతుంటే ‘హావ్’ ఉండొచ్చు, సాయంత్రం చెబుతుంటే తీసేయాలి, అందుకే అలాంటి వాక్యం పక్కన దాన్ని ఎన్ని గంటలకు చెబుతున్నారో కూడా రాయించండి.