బురద పురుగుల టెస్ట్ మొదలుపెట్టే ముందు ఇవి చూసుకోండి

ఓఈసీడీ (ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ) రసాయనాల పరీక్షా పద్ధతుల్లో 218వది మొదలుపెట్టబోతున్న వాళ్ల కోసం రాస్తున్నా. రసాయనం కలిపిన బురదలో కైరోనమస్ (దోమలా కనిపించే, కుట్టని ఈగ) లార్వాలు పెరిగి, రెక్కలొచ్చి బయటికొస్తాయా లేదా అని 28 రోజులు చూసే పరీక్ష ఇది.

– రసాయనం బురదలో కలపాలా, పైనున్న నీటిలోనా? ముందు ఇది తేల్చుకోండి. నీటిలో కలిపే పద్ధతి ఓఈసీడీ 219. బురదకు అంటుకుని ఉండిపోయే పదార్థానికి అది ఎంచుకుంటే నెల కష్టమంతా పోయి, మళ్లీ చేయమనే అవకాశం ఉంది.

– కలిపిన మోతాదునే నమ్ముకోవద్దు. మొదట్లోనూ చివర్లోనూ బురదలో, బురద రేణువుల మధ్య నీటిలో, పైనీటిలో కొలవండి. పురుగుకు నిజంగా తగిలింది ఎంతో అప్పుడే తెలుస్తుంది.

– రసాయనాన్ని కరిగించడానికి సాల్వెంట్ (ద్రావకం) వాడితే, ఆ ద్రావణాన్ని ఇసుకకు పట్టించి, సాల్వెంట్ పూర్తిగా ఆవిరయ్యాకే ఆ ఇసుకను బురదలో కలపండి. లేకపోతే చంపింది రసాయనమో సాల్వెంటో చెప్పలేం.

– లార్వాలు వేసేటప్పుడు గాలి పంపు ఆపండి, తర్వాత కనీసం 24 గంటలు ఆపే ఉంచండి. తొలి దశలో అవి సన్నటి నూలుపోగు ముక్కల్లా ఉంటాయి, బుడగల తాకిడికి బురదలోకి దిగలేక పైనే కొట్టుకుంటాయి. చూస్తే పాపమనిపిస్తుంది.

– మేత కొలిచి వేయండి. ఎక్కువైతే కుళ్లి ఆక్సిజన్ పడిపోతుంది.

– కంట్రోల్‌లో, అంటే రసాయనం కలపని పాత్రల్లో, కనీసం 70% లార్వాలు రెక్కలతో బయటికి రావాలి. లార్వాలు వచ్చిన గుడ్ల బ్యాచ్ మీద ఏ కాస్త అనుమానమున్నా మొదలుపెట్టకండి.