పాలిపోయిన టేకు కుర్చీకి అవిసె నూనె

అనంతపురం ఎండలకు టేకు కుర్చీలు పాలిపోయి తెల్లబారతాయి. ఇంట్లో ఉంది కదా అని శెనక్కాయ నూనె పూయకండి, అది ఆరదు, దుమ్ము పట్టి జిగురవుతుంది. హార్డ్‌వేర్ అంగట్లో ‘బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్’ అని అడిగి తెచ్చుకోండి, అది త్వరగా ఆరే అవిసె నూనె. పచ్చి నూనె అయితే రోజుల తరబడి తడిగానే ఉంటుంది.

100 మి.లీ. నూనెకు 100 మి.లీ. టర్పెంటైన్ కలపండి. చెక్కను 220 నంబరు ఉప్పుకాగితంతో చారల వెంబడే రుద్ది, పొడి తుడిచి, నూలుగుడ్డతో పలుచగా పూయండి. అసలు పని ఆ తర్వాతే: 20 నిమిషాలయ్యాక చెక్క మీద మిగిలిన నూనెంతా తుడిచెయ్యాలి, లేకుంటే కూర్చున్నవాళ్ల బట్టలకు అంటుతుంది. మర్నాడు ఇంకో పూత.

వార్నిష్, మెలమైన్ పాలిష్ వేసిన చెక్కకు ఇది పనికిరాదు. నూనె లోపలికి దిగదు. నీటిచుక్క ఇంకకుండా గుండ్రంగా నిలిస్తే పాత పూత ఉన్నట్టే. నూనె గుడ్డల్ని ఉండచుట్టి పడేయొద్దు, వాటంతటవే మంట పుడుతుంది. నీళ్లలో తడిపి, విప్పి, బయట ఆరేయండి.