పాత పెర్ఫార్మెన్స్ కారు మాన్యువల్ గేర్‌బాక్స్‌కు సరైన ఆయిల్ ఎంచుకోవడం ఎలా?

గేర్ పళ్ల మీద ఆయిల్ జారాలి. సింక్రో రింగ్ మీద జారకూడదు. ఈ రెండు పనులూ ఒకే ఆయిల్ చేయాలి కాబట్టే మాన్యువల్ గేర్‌బాక్స్ ఆయిల్ ఎంపికలో ఇన్ని పొరపాట్లు జరుగుతాయి. సింక్రో రింగ్ నిజానికి ఒక చిన్న బ్రేకు. గేరు మార్చేటప్పుడు అది గేరు అంచున ఉన్న కోన్‌ను ఒరుసుకుని, రెండింటి వేగాన్నీ సమానం చేస్తుంది. అప్పుడే గేరును షాఫ్ట్‌కు కలిపే స్లీవ్ లోపలికి దిగుతుంది. బ్రేకు మీద జారుడు పదార్థం పోస్తే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది: వేగాలు కలవకముందే పళ్లు తగిలి గరగరమంటాయి. అందుకే “అన్నిటికన్నా ఖరీదైనది, అన్నిటికన్నా బలమైనది” పోస్తే చాలనుకోకండి.

1. ముందు కంపెనీ ఏం చెప్పిందో చూడండి

ఓనర్స్ మాన్యువల్‌లో ఆయిల్ రకం, చిక్కదనం, పరిమాణం మూడూ రాసుకోండి. ఒకే మోడల్లో ఏడాదిని బట్టి, ఇంజన్‌ను బట్టి గేర్‌బాక్స్ మారిపోయి ఉండవచ్చు. పాత కార్లలో గేర్‌బాక్సే మార్చేసినవీ ఎక్కువ. కాబట్టి కేసింగ్ మీద ఉన్న కోడ్‌ను కూడా సరిచూసుకోండి. చాలా బీఎండబ్ల్యూ ఈ36, ఈ46 గేర్‌బాక్సుల్లో ఫిల్ ప్లగ్ (ఆయిల్ పోసే రంధ్రం మూత) దగ్గర స్టిక్కర్ ఉంటుంది. ఏటీఎఫ్ (ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్) పోయాలో, వేరే ఆయిల్ పోయాలో దాని మీదే ఉంటుంది.

అన్ని గేర్‌బాక్సులకూ గేర్ ఆయిలే పోస్తారనుకుంటే పొరపాటే. 1980లు, 90ల ఫోర్డ్ మస్టాంగ్‌లోని టీ-5 గేర్‌బాక్స్‌లో పోయాల్సింది ఏటీఎఫే, సుమారు 2.65 లీటర్లు పడుతుంది. అదే కాలపు హోండాలు చాలావరకు 10డబ్ల్యూ-30 ఇంజన్ ఆయిల్‌తో నడిచాయి, ఆ తర్వాత హోండా సొంత ఎంటీఎఫ్ (మాన్యువల్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్) తెచ్చింది. మాజ్డా మియాటా మొదటి రెండు తరాల 5 స్పీడ్ గేర్‌బాక్స్‌కు 75డబ్ల్యూ-90 గేర్ ఆయిల్ 2 లీటర్లు. 1990ల టొయోటా సుప్రా టర్బోలో వచ్చిన గెట్రాగ్ వీ160 గేర్‌బాక్స్‌కు దాని కోసమే చేసిన ఆయిల్ ఉంది.

2. గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ ఒకే ఆయిల్ పంచుకుంటున్నాయా?

ఈ ప్రశ్నకు జవాబు తెలియకుండా డబ్బా కొనవద్దు. వెనక చక్రాలు నడిపే మామూలు కార్లలో డిఫరెన్షియల్ (శక్తిని రెండు చక్రాలకూ పంచే గేర్ల పెట్టె) విడిగా ఉంటుంది, గేర్‌బాక్స్ సంగతి మాత్రమే చూసుకుంటే చాలు. ఇంజన్ అడ్డంగా ఉండి ముందు చక్రాలు నడిపే కార్లలో డిఫరెన్షియల్ గేర్‌బాక్స్‌లోనే ఉన్నా, దాని పళ్లు మామూలు హెలికల్ (ఏటవాలు) పళ్లే కాబట్టి అదనపు రక్షణ అక్కర్లేదు. సుబారులు, గాలితో చల్లబడే ఇంజన్ ఉన్న పోర్షే 911లు అలా కాదు. డిఫరెన్షియల్‌ను తిప్పే గేర్ల జత, అంటే క్రౌన్ వీల్, పినియన్ కూడా అదే ఆయిల్లో తిరుగుతాయి. ఆ పళ్ల మధ్య ఒత్తిడి చాలా ఎక్కువ. అక్కడ కంపెనీ జీఎల్-5 (పళ్లకు ఎక్కువ రక్షణ ఇచ్చే గేర్ ఆయిల్ స్థాయి) అడిగితే, సింక్రోల మీద ప్రేమతో జీఎల్-4 (అంతకన్నా తక్కువ రక్షణ స్థాయి) పోయడం తప్పు. సింక్రో బాగుంటుంది గానీ పినియన్ అరిగిపోతుంది. ఇలాంటి కార్లకు సింక్రోలకు కూడా సరిపడేలా తయారైన జీఎల్-5 వెతకాలి.

3. జీఎల్-4, జీఎల్-5: తేడా అంకెలో కాదు, రసాయనంలో

జీఎల్-5 కొత్తది, జీఎల్-4 పాతది అనుకోకండి. రెండూ వేర్వేరు పనులకు పుట్టినవి. పళ్లు అరిగిపోకుండా కాపాడే గంధకం, భాస్వరం రసాయనాలు జీఎల్-5లో దాదాపు రెట్టింపు ఉంటాయి. పాత గేర్‌బాక్సుల్లో సింక్రో రింగులు ఎక్కువగా ఇత్తడివి. ఈ రసాయనాలు ఇత్తడి మీద పొరలా పట్టుకుంటాయి, ఆ పొర ఊడినప్పుడల్లా కొంత ఇత్తడినీ తీసుకుపోతాయి. దానికి తోడు జారుడు పెరిగి రింగు పట్టు తగ్గుతుంది. కంపెనీ జీఎల్-4 మాత్రమే అడిగిన ఇత్తడి సింక్రోల గేర్‌బాక్స్‌లో జీఎల్-4కే కట్టుబడండి.

డబ్బా మీద “జీఎల్-4, జీఎల్-5 రెండింటికీ సరిపోతుంది” అని ఉంటే ఆగి ఆలోచించండి. పళ్లను కాపాడే శక్తి రెండింటికీ సరిపోతుందనే దాని అర్థం, సింక్రోలకు మంచిదని కాదు. తయారీదారు ఇచ్చే డేటా షీట్‌లో “సింక్రో ఉన్న మాన్యువల్ గేర్‌బాక్సులకు” అన్న మాట కనిపించాలి. ఎంటీ-1 అనే గుర్తు సింక్రోలు లేని భారీ ట్రక్కు గేర్‌బాక్సులకు, మీ కారుకు కాదు.

4. చిక్కదనం: పేరు మీద అంకెలతో మోసపోవద్దు

ఇంజన్ ఆయిల్, గేర్ ఆయిల్ కొలమానాలు వేరు. 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర 90 గ్రేడ్ గేర్ ఆయిల్ 13.5 నుంచి 18.5 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత) మధ్య ఉంటుంది. 40 గ్రేడ్ ఇంజన్ ఆయిల్ 12.5 నుంచి 16.3. అంటే రెండూ ఇంచుమించు ఒకటే. 30 గ్రేడ్ ఇంజన్ ఆయిల్ 9.3 నుంచి 12.5. డెక్స్‌రాన్ 3 (జనరల్ మోటార్స్ ఏటీఎఫ్ ప్రమాణం) అయితే 7 చుట్టుపక్కల.

ఈ లెక్క తెలిస్తే సర్దుబాటు సులువు. ఉదయం మొదటి కిలోమీటరులో రెండో గేరు మొండికేసి, వేడెక్కాక సాఫీగా పడుతుంటే, సింక్రో రింగ్ చల్లటి ఆయిల్ పొరను చీల్చుకుని కోన్‌ను పట్టుకోలేకపోతోందని అర్థం. అదే గ్రేడులో సింథటిక్‌కు మారండి, చల్లగా ఉన్నప్పుడు అది తక్కువగా చిక్కబడుతుంది. వేడెక్కాకే గరగర మొదలైతే ఆయిల్ మరీ పలచనైందో, రింగే అరిగిందో చూడాలి. పలచనిది పోస్తే గేరు తేలిగ్గా పడుతుంది, కానీ ఇంజన్ పవర్ పెంచిన కారులో బేరింగులకు, పళ్లకు మిగిలే పొర పలుచనవుతుంది. ట్రాక్ మీద నడిపే కారుకు అది మంచి బేరం కాదు.

డెక్స్‌రాన్ 2 లేదా 3 అడిగే గేర్‌బాక్సులకు ఇంకో చిక్కు ఉంది. 2005లో వచ్చిన డెక్స్‌రాన్ 6 వీటికన్నా పలచన, 100 డిగ్రీల దగ్గర 6.4 సెంటీస్టోక్స్ మించదు. ఆటోమేటిక్‌లకు ఫర్వాలేదు గానీ, పాత మాన్యువల్‌కు డెక్స్‌రాన్ 3 స్థాయి చిక్కదనం ఉన్న ఫ్లూయిడ్ గానీ, ఆ చోట వాడటానికే చేసిన సింథటిక్ ఎంటీఎఫ్ గానీ తీసుకోవడం మేలు.

జారుడు పెంచే యాడిటివ్‌లు, లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ కోసం అమ్మే ఫ్రిక్షన్ మాడిఫయర్లు, డిఫరెన్షియల్‌తో ఆయిల్ పంచుకోని గేర్‌బాక్స్‌లో కలపవద్దు. సింక్రోకు కావాల్సిన పట్టునే అవి తగ్గిస్తాయి.

5. తప్పు ఆయిల్‌దేనా?

ఇంజన్ ఆన్‌లో ఉండగా క్లచ్ పూర్తిగా తొక్కి ఐదారు సెకన్లు ఆగి రివర్స్ వేయండి. అప్పుడూ గరగరమంటే క్లచ్ పూర్తిగా విడివడటం లేదు. హైడ్రాలిక్ సిలిండర్, గాలి బుడగలు ముందు చూడండి. ఏ ఆయిలూ దీన్ని బాగుచేయదు. న్యూట్రల్‌లో క్లచ్ వదిలినప్పుడు వచ్చే హోరు క్లచ్ తొక్కగానే ఆగిపోతే, అనుమానించాల్సింది ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్‌ను.

6. మార్చే విధానం

కారును పది పదిహేను నిమిషాలు నడిపి ఆయిల్ వేడెక్కించండి. నాలుగు స్టాండ్ల మీద సమతలంగా ఎత్తండి. ముందు భాగం మాత్రమే ఎత్తితే లెవెల్ తప్పుగా వస్తుంది. జాకీ మీద మాత్రమే నిలిపి కిందికి దూరవద్దు.

ముందుగా ఫిల్ ప్లగ్ విప్పండి, ఆ తర్వాతే ఆయిల్ దించే డ్రెయిన్ ప్లగ్. ఏళ్ల తరబడి కదలని ఫిల్ ప్లగ్ బిగుసుకుపోయి రాకపోతే, పాత ఆయిల్ పోయి కొత్తది పోయలేక కారు అక్కడే ఆగిపోతుంది. ఈ క్రమాన్ని ఎన్నడూ తప్పవద్దు.

ప్లగ్ మీది అయస్కాంతానికి బూడిదరంగు మెత్తని పేస్టు అంటుకుని ఉండటం మామూలే. ఇనుప ముక్కలుంటే పళ్లు గానీ బేరింగు గానీ విరుగుతున్నాయి. ఆయిల్‌లో బంగారు రంగు మెరుపు కాస్త ఉంటే సహజం, ఎక్కువగా ఉంటే సింక్రో రింగులు అరుగుతున్నాయి.

కొత్త వాషర్ వేసి డ్రెయిన్ ప్లగ్ బిగించండి. కేసింగ్ అల్యూమినియం కాబట్టి మాన్యువల్‌లోని టార్క్ దాటకండి, మర పాడైతే చిన్న పని పెద్దదవుతుంది. పంపుతో ఫిల్ రంధ్రం దాకా, ఆయిల్ అంచు నుంచి కారేవరకు పోయండి. మాన్యువల్ వేరే లెవెల్ చెబితే దాన్నే పాటించండి. ఎక్కువైతే నురగ కట్టి సీళ్ల నుంచి కారుతుంది. తక్కువైతే ఎత్తులో ఉన్న బేరింగులకు ఆయిల్ అందదు.

కొత్త ఆయిల్‌ను మొదటి రోజే అంచనా వేయవద్దు. పాతది కొంత లోపలే మిగిలిపోతుంది, సింక్రోలకు కూడా కొత్తదానికి అలవాటు పడే సమయం కావాలి. కొన్ని వందల కిలోమీటర్లు, చల్లని ఉదయాలూ వేడి ప్రయాణాలూ కలిపి, నడిపి చూడండి. పాత ఆయిల్ బాగా మెరుస్తూ వచ్చి ఉంటే దాదాపు 1,000 కిలోమీటర్ల దగ్గర మళ్లీ ఒకసారి దించి చూడండి. రెండోసారీ అంతే మెరుపు వస్తే, ఇక గేర్‌బాక్స్ విప్పాల్సిందే.