బ్యాక్ ర్యాంక్ పజిల్స్ ఎలా సాధించాలి?

చెస్ పజిల్ కనపడగానే చెక్ ఎక్కడుందా అని వెతకడం మన కావలి, ఒంగోలు పిల్లల్లో చాలామందికి అలవాటు. బ్యాక్ ర్యాంక్ అంటే బోర్డు అంచున రాజు నిలబడే చివరి వరస; అక్కడే రాజును మాట్ (తప్పించుకోలేని చెక్) చేయడమే ఈ రకం పజిల్. ఇందులో ముందు చూడాల్సింది ఎదుటి రాజు ఉన్న వరస. నల్ల రాజు జి8లో ఉండి, ఎఫ్7, జి7, హెచ్7 బంట్లు కదలకుండా ఉంటే అతనికి ముందుకు దారి లేదు.

తర్వాత లెక్క. అసలు పని ఇదే. బోర్డు తీసి పెట్టుకోండి.

తెల్లవి: రాజు జి1, క్వీన్ ఇ2, రూక్ ఇ1, బంట్లు ఎఫ్2, జి2, హెచ్2.
నల్లవి: రాజు జి8, క్వీన్ బి6, రూక్ డి8, పైన చెప్పిన మూడు బంట్లు.

ఎత్తు తెల్లది. మనం దిగాల్సిన గడి ఇ8. దాని మీద మనవి రెండు, వాళ్ల కాపలా ఒక్కటే. క్వీన్ ఇ8, చెక్. రూక్‌తో చంపక తప్పదు. మన రూక్ దాన్ని చంపితే మాట్.

ఇప్పుడు సి8లో ఇంకో నల్ల రూక్ పెట్టండి. రెండుకు రెండు, మాట్ పోయింది. నల్ల క్వీన్ బి4లో ఉన్నా అంతే, ఎఫ్8లో అడ్డం పడుతుంది. అలాంటప్పుడు కాపలా కాసేదాన్ని పక్కకు లాగే ఎత్తు వెతకాలి. 1914లో మాస్కోలో బెర్న్‌స్టీన్ అనే ఆటగాడి మీద, నల్లవాటితో ఆడిన క్యూబా ఆటగాడు కాపాబ్లాంకా చేసింది ఇదే: క్వీన్‌ను బి2లో ఊరికే పెట్టాడు. తెల్ల క్వీన్ దాన్ని చంపితే రూక్ డి1లో మాట్. బెర్న్‌స్టీన్ అక్కడే ఓటమి ఒప్పుకున్నాడు. ఎంత చూసినా తనివి తీరని ఎత్తు!

హెచ్7 బంటు హెచ్6కి జరిగి ఉంటే? రాజు హెచ్7కి తప్పుకుంటాడు. కానీ మన బిషప్ డి3లో ఉంటే ఆ గడి కూడా మూసుకుపోయి మళ్లీ మాట్ అవుతుంది. అందుకే బంటు జరిగి ఉందని పజిల్ వదిలెయ్యకండి, ఆ గడి మీద ఎవరి చూపుందో చూడండి.

చివరిగా మన వరస. ఆ బిషప్ లేకుండా, హెచ్6 బంటు ఉన్నప్పుడు ఇదే క్వీన్ ఎత్తు వేశారనుకోండి. క్వీన్ పోయింది, రాజు హెచ్7కి తప్పుకున్నాడు, మన రూక్ ఇ8లో ఉండిపోయింది. ఇప్పుడు ఎత్తు మనదే, కానీ మన వెనక వరసను పట్టించుకోకపోతే నల్ల క్వీన్ బి1లో దిగి చెక్ ఇస్తుంది. రూక్‌ను ఇ1కి తెచ్చి అడ్డం పెట్టినా దాన్ని చంపి మాట్ చేస్తుంది.

సాధనకు లిచెస్ అనే చెస్ వెబ్‌సైట్‌లో పజిల్ థీమ్స్‌లో ‘బ్యాక్ ర్యాంక్ మేట్’ ఎంచుకోండి, పైసా ఖర్చు లేదు. నెల్లూరు టోర్నమెంటుకు వెళ్లే రైల్లో కూడా చేసుకోవచ్చు. మొదటి ఎత్తు తోచిందని వెంటనే నొక్కకుండా, ఆఖరి ఎత్తు దాకా మనసులో చూశాకే నొక్కండి.